ఓర్వకల్లు రన్‌వే కనబడగానే సిమ్యులేటర్ ఎందుకు పడిపోతుంది?

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో, ఓర్వకల్లు దగ్గర 2021 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో విమానం నడిపించే ప్రోగ్రాము) పెట్టుకున్నవాళ్లకు దాంతో ఒక కొత్త సరదా దొరికింది. బెంగళూరులో లేచి, ఏటీఆర్ విమానాన్ని తీసుకొచ్చి సొంత ఊరి గడ్డ మీద దించడం. గంటసేపు ఎగురుతారు. రెండు కిలోమీటర్ల రన్‌వే ఎదురుగా కనబడుతుంది. చక్రాలు దించుతారు, ఫ్లాప్స్ వేస్తారు. సరిగ్గా అప్పుడే బొమ్మ నిలిచిపోతుంది. ఇంజిన్ చప్పుడు ఒకే స్వరం మీద అర సెకను సాగి తెగిపోతుంది. ఎదురుగా డెస్క్‌టాప్ మీది వాల్‌పేపర్ తప్ప ఇంకేమీ ఉండదు. ఏ మెసేజీ రాదు.

దీనికి మన ఊళ్లలో మొదట వినబడే వైద్యం ఒకటే: ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించడం. ఇది చివరి మందు. మొదటే వేస్తే జరిగే మేలు తక్కువ, పోయేది ఎక్కువ. ఎందుకు పడిపోయిందో చెప్పగలిగిన రికార్డులన్నీ ఫార్మాట్‌తోనే తుడిచిపెట్టుకుపోతాయి. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అడిగే డిస్క్ జాగా 150 జీబీ. అందులో 100 జీబీ మళ్లీ దించుకోవాలన్నా 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద ఆగకుండా ఐదున్నర గంటలు పడుతుంది. అంత చేశాక మళ్లీ ఓర్వకల్లు దగ్గరే పడిపోతే, ఇక సిస్టమ్‌నే అమ్మేద్దామనే విరక్తి వస్తుంది.

జ్వరం అనే మాట కింద ఎన్ని రోగాలు ఉంటాయో, క్రాష్ అనే మాట కిందా అన్ని ఉంటాయి. పైగా ఒకే సిస్టమ్‌లో రెండు మూడు రోగాలు కలిసి ఉండటం చాలా మామూలు. ఇంగ్లీషులో దొరికే చిట్కాలు ఎక్కువగా చల్లటి గదిలో, నిలకడైన కరెంటు మీద నడిచే సిస్టమ్‌ను మనసులో పెట్టుకుని రాసినవి. అవి డ్రైవర్‌తో (కార్డులాంటి భాగాలను నడిపించే సాఫ్ట్‌వేర్) మొదలై యాడ్-ఆన్లతో (సిమ్యులేటర్‌కు విడిగా తగిలించే విమానాలు, సీనరీలు) ముగుస్తాయి. కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో ఉన్న సిస్టమ్‌కు ఆ వరుస సరిపోదు. ఇక్కడ విచారణ గోడలోని ప్లగ్గు దగ్గర, గదిలోని గాలి దగ్గర మొదలుకావాలి.

ముందు చూడాల్సింది అది ఎలా పడిపోయిందన్నది. సిమ్యులేటర్ ఒక్కటే మాయమై మిగతా విండోస్ మామూలుగా ఉంటే, ఆ ప్రోగ్రామో దానికి తగిలించిన యాడ్-ఆనో చేయకూడని పని చేసింది, విండోస్ దాన్ని బయటికి నెట్టేసింది. స్క్రీన్ రెండు మూడు సెకన్లు నల్లబడి, తిరిగొచ్చేసరికి సిమ్యులేటర్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు వైపు చూడాలి. అప్పగించిన పనికి కార్డు నుంచి రెండు సెకన్లలో ఉలుకూ పలుకూ లేకపోతే విండోస్ డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. విండోస్ తన రికార్డులు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరుతో అది నమోదవుతుంది. బ్లూ స్క్రీన్ వస్తే డ్రైవరో ర్యామో ప్రాసెసరో, అంటే ఇంకా కింది అంతస్తు. ఏ బొమ్మా రాకుండా సిస్టమ్ మొత్తం చటుక్కున ఆరిపోయి మళ్లీ స్టార్ట్ అయితే, చాలావరకు అది కరెంటు కథ. ఆ మర్నాడు సర్వీస్ షాపులో మాత్రం ఈ నాలుగింటికీ ఒకే వాక్యం చెబుతారు: "గేమ్ ఆడుతుంటే ఆగిపోతోందన్నా."

ఈవెంట్ వ్యూయర్ తెరవడానికి ఎవరూ ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. స్టార్ట్ మెనూలో పేరు కొట్టి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అన్నచోట పడిపోయిన నిమిషానికి ఎదురుగా ఎర్ర గుర్తు ఉన్న వరుసను నొక్కితే చాలు. నంబరు 1000 ఉంటుంది. కింద వివరంలో సిమ్యులేటర్ ఫైలు పేరు, ఆ తర్వాత తప్పు జరిగిన మాడ్యూల్ (ప్రోగ్రాము వాడుకునే ఒక ఫైలు) పేరు, తప్పు ఏ రకమో చెప్పే ఎక్సెప్షన్ కోడ్, ఆ మాడ్యూల్‌లో ఎక్కడ జరిగిందో చెప్పే ఆఫ్‌సెట్ అని ఒక పొడుగాటి అంకె ఉంటాయి. కోడ్ చాలాసార్లు సీ0000005 అని ఉంటుంది. తనది కాని మెమరీ మీద చెయ్యి వేసిందని దాని అర్థం. సీ0000374 అయితే మెమరీ గాదె లోపలే చెడిపోయిందని.

మాడ్యూల్ పేరు చూడగానే దొంగ దొరికాడనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అక్కడ ఎన్‌టీడీఎల్ఎల్.డీఎల్ఎల్ అనో, విజువల్ సీ రన్‌టైమ్ ఫైలనో ఉంటే, ఆ ఫైలును ఎక్కడి నుంచో దించుకుని మార్చేవాళ్లున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు కొట్టేస్తే తప్పు ఫ్యూజుది అనము కదా, ఊళ్లో ఎవరి మోటారులోనో షార్ట్ అయిందని వెతుకుతాం. ఈ ఫైళ్లు అలాంటి ఫ్యూజులు. విండోస్ మీద నడిచే దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాటి గుండానే పోతుంది కాబట్టి, ఎక్కడో చెడిన లెక్క అక్కడ బయటపడుతుంది.

పేరుకన్నా పనికొచ్చేది, ఎవరూ చూడనిది, ఆ కింది ఆఫ్‌సెట్ అంకె. నాలుగైదు క్రాష్‌ల రికార్డులు పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ అదే మాడ్యూల్, అదే ఆఫ్‌సెట్ వస్తే ప్రోగ్రాము ప్రతిసారీ ఒకే గడప తట్టుకుని పడుతోందన్నమాట. అది సాఫ్ట్‌వేర్ తప్పు, యాడ్-ఆన్లను అనుమానించాలి. ఒకసారి ఒక మాడ్యూల్, ఇంకోసారి వేరొకటి, అంకెలు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటే కింద నేలే కదులుతోంది. ర్యామ్, ప్రాసెసర్, వేడి, కరెంటు ఆ నేల. దీనికి తోడు ఒక నోటు పుస్తకం ఉండాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ ఊరి మీద, ఎంతసేపు ఎగిరాక, ఎలా పడిపోయింది అన్న ఐదు ముక్కలు చాలు. పదిసార్లు రాసేసరికి సగం జవాబు అందులోనే కనబడుతుంది. ఎప్పుడూ ఒకే చోట పడితే ఆ చోట ఉన్న సీనరీని, ఎప్పుడూ ఒకే వేళకు పడితే ఆ వేళకు ఇంట్లో జరిగేదాన్ని పట్టుకోవాలి.

వేళ అనగానే ఇక్కడ మొదట తలుచుకోవాల్సింది కరెంటును. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ టక్కుమని అందుకుంటుంది, ఫ్యాను ఆగదు, లైటు ఆగదు, సిస్టమ్ మాత్రం ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు. ఆ "ఒక్కోసారి"లోనే కిటుకంతా ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, అంటే ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు. సీపీయూ బాక్సులోని ఎస్ఎంపీఎస్‌లో (గోడ కరెంటును సిస్టమ్‌కు సరిపడేలా మార్చే పెట్టె) ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. గోడ నుంచి కరెంటు తెగినా అది కాసేపు నెట్టుకొస్తుంది. మంచి ఎస్ఎంపీఎస్‌లు నిండు లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు ఆగేలా చేస్తారు. ఇన్వర్టర్ అందుకోవడానికి యూపీఎస్ మోడ్‌లో పది మిల్లీసెకన్ల దాకా, మామూలు మోడ్‌లో అంతకు రెండు మూడు రెట్లు పడుతుంది. ఈ రెండు అంకెల పందెంలో ఎవరు గెలుస్తారన్నది లోడు మీద ఆధారపడి ఉంటుంది. బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటున్నప్పుడు సిస్టమ్ 70, 80 వాట్లు లాగుతుంది. అప్పుడు కెపాసిటర్‌లోని నిల్వ చాలాసేపు వస్తుంది, ఇన్వర్టర్ తీరిగ్గా అందుకున్నా ఏమీ కాదు. సిమ్యులేటర్ నడుస్తున్నప్పుడు అదే సిస్టమ్ 350, 400 వాట్లు లాగుతుంది. నిల్వ కళ్లు మూసి తెరిచేలోపు ఖాళీ అవుతుంది. అందుకే "మామూలుగా కరెంటు పోయినా ఏమీ కాదు, ఈ గేమ్‌లో ఉంటేనే రీస్టార్ట్ అవుతోంది, కాబట్టి తప్పు గేమ్‌దే" అన్న వాదన చాలా ఇళ్లలో నిలబడిపోతుంది. చూసింది నిజమే. తేల్చిందే తప్పు.

చాలా హోమ్ ఇన్వర్టర్లకు వెనుకపక్క ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు యూపీఎస్ అని, రెండోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. బ్యాటరీ ట్రాలీని గోడకు ఆనించి పెట్టేస్తారు కాబట్టి, బిగించిన రోజు నుంచి ఆ స్విచ్‌ను చూసినవాళ్లు ఉండరు. నార్మల్‌లో ఉంటే గోడ వోల్టేజీ బాగా కిందికి జారినా ఇన్వర్టర్ పట్టించుకోదు. యూపీఎస్ వైపు తిప్పితే 180 వోల్టుల దగ్గరే అందుకునేలా ఎక్కువ మోడళ్లలో అమరిక ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో ఆగిపోయే రీస్టార్ట్‌లు ఉన్నాయి, ఖర్చు సున్నా. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే మాత్రం అది సిస్టమ్‌కు పెట్టదగింది కాదు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న ఎస్ఎంపీఎస్‌లు ఆ మొరటు అలను సరిగా అరిగించుకోలేవు. ప్యూర్ సైన్ వేవ్, అంటే నున్నటి అల, ఉండాలి. లేదంటే సిస్టమ్‌కు విడిగా ఒక చిన్న యూపీఎస్ కొనడం మేలు.

కరెంటు పోకుండానే జరిగేది ఇంకొకటి ఉంది. సంపు మోటారుగానీ ఏసీ కంప్రెసర్‌గానీ ఎత్తుకునే క్షణంలో మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఊరి అంచున ఉన్న ఇంటికైతే బోరు మోటార్లు ఒక్కసారిగా మొదలయ్యే వేళ కూడా అంతే. వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది. వెనకటి ఫిలమెంటు బల్బు అప్పుడు ఎర్రబడి కబురు చెప్పేది. ఇప్పటి ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటికి ఆ కుంగు తెలియనే తెలియదు. సాక్షి పోయాడు, నేరం మాత్రం జరుగుతూనే ఉంది. 400 వాట్ల లోడు 230 వోల్టుల దగ్గర 1.7 ఆంపియర్లు లాగితే, 170 వోల్టుల దగ్గర 2.35 లాగుతుంది. సీపీయూ బాక్సుతో పాటు ఊరికే వచ్చే చవక ఎస్ఎంపీఎస్ ఈ అదనపు భారానికి వేడెక్కి చేతులెత్తేస్తుంది. దాని మీద 450 వాట్లని రాసి ఉండొచ్చు. రాతను బట్టి తూకం వేయకూడదు. గ్రాఫిక్స్ కార్డు కూడా సగటున 200 వాట్లు లాగుతున్నా, మిల్లీసెకన్ల పాటు అంతకు రెట్టింపు గుంజగలదు. విమానం మేఘంలోంచి బయటికొచ్చి కింద ఊరంతా ఒక్కసారి గీయాల్సివచ్చే ఘడియలు అలాంటివే.

ఇలా సిస్టమ్ మొత్తం ఆరిపోయినప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ అన్నచోట కెర్నెల్-పవర్ 41 అని ఉంటుంది. అది కారణం చెప్పదు. సరిగా షట్‌డౌన్ కాకుండానే లేచానని మాత్రమే చెబుతుంది. వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ నంబరు) సున్నా ఉంటే విండోస్‌కు బ్లూ స్క్రీన్ చూపించే వ్యవధి కూడా దొరకలేదన్నమాట, కరెంటు మీద అనుమానం బలపడుతుంది.

ఎర్తింగ్ సంగతి కూడా ఇక్కడే తేల్చేయాలి. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ బాక్సు ఇనుముతో కలుపుతాయి. ఎర్త్ తీగ పనిచేయకపోతే ఆ ఇనుము మీద గోడ వోల్టేజీలో సగం దాకా తేలుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి చెయ్యి తగిలితే జివ్వుమంటుంది, అంతే. జాయ్‌స్టిక్, థ్రాటిల్, పెడల్స్ అన్నీ యూఎస్‌బీ ద్వారా ఆ ఇనుముకే కట్టి ఉంటాయి. ఉన్నట్టుండి జాయ్‌స్టిక్ తెగిపోయి మళ్లీ అతుక్కోవడానికి ఇదొక కారణం కావచ్చు. ఇక్కడిది రాతి నేల, వానలేని నేల. ఎండిన మట్టిలో ఎర్త్ సరిగా పనిచేయదు. ఎండాకాలం ఎర్త్ గుంతలో నాలుగు బిందెలు నీళ్లు పోయడం పెద్దవాళ్లకు తెలిసిన పనే. ఇప్పటి ఇళ్లలో ఆ గుంత మీద టైల్స్ వేసేశారు.

కరెంటు పోవడం వల్ల జరిగే హాని ఆ రోజుతో తీరదు. సిమ్యులేటర్ ఏదో ఫైలు రాస్తుండగా సిస్టమ్ ఆరిపోతే ఆ ఫైలు సగం రాత మీద చెడిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో రోలింగ్ క్యాష్ అని ఒకటుంది. నెట్ నుంచి వచ్చే భూతల చిత్రాలను అందులో దాచుకుంటుంది. అది చెడితే మూడో రోజున, కరెంటు నిక్షేపంగా ఉన్నప్పుడు, ఫలానా ప్రాంతం మీదికి రాగానే క్రాష్ అవుతుంది. సోమవారం పోయిన కరెంటుకూ గురువారం పడిపోయిన విమానానికీ ముడి ఉందని ఎవరికి తోస్తుంది? ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు సెట్టింగుల్లో రోలింగ్ క్యాష్‌ను చెరిపి కొత్తగా చేయించాలి. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్నదైతే ఫైళ్లను సరిచూసే ఆప్షన్ ఉంది. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్ అయితే దాని ఇన్‌స్టాలర్‌నే మళ్లీ నడిపిస్తే చెడిన ఫైళ్లను గుర్తుపట్టి తెచ్చుకుంటుంది. ఫార్మాట్ దాకా పోనక్కర్లేదు.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఇలాంటి సీమకు అతికినట్టు సరిపోతుంది. లెక్క చాలా సులువు. ప్రాసెసర్ వేడి గది వేడి మీద ఒక మెట్టులా కూర్చుంటుంది. గది 22 డిగ్రీలున్న డిసెంబరు రాత్రి ప్రాసెసర్ 77 దగ్గర నడిచిందంటే మెట్టు ఎత్తు 55. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది గదిలో 38 ఉంటే అదే ప్రాసెసర్ 93కు చేరుతుంది. రైజెన్ 7000 వరస చిప్‌లలో చాలావాటికి హద్దు 95, ఇంటెల్ చిప్‌లు చాలావాటికి 100. హద్దు తాకితే చిప్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ఒక్క ప్రాసెసర్ వేడికే సిమ్యులేటర్ పడిపోవడం అరుదు, ముందు బొమ్మ నత్తనడక నడుస్తుంది. అసలు చిక్కు తమ వేడిని ఎవరికీ చెప్పుకోని భాగాలతో. మదర్‌బోర్డు మీద కరెంటును మలిచే ముక్కలు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు మీది మెమరీ, ఎస్ఎంపీఎస్. గడ్డకట్టిన దుమ్ము వీటికి దుప్పటి. ఆదోని వైపు పత్తి నూగు, బేతంచెర్ల, తాడిపత్రి, జమ్మలమడుగు వైపు బండల పాలిష్ పొడి, అనంతపురంలో ఎర్రమట్టి, ఏ ఊరి దుమ్ము ఆ ఊరిది. ఆరు నెలలకోసారి బ్లోయర్ పట్టించాలి, పట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో ఆపాలి. సీపీయూ బాక్సును పరుపు మీదా కార్పెట్ మీదా కాకుండా కడప బండ మీద పెట్టడం మంచిదే. అడుగున ఎస్ఎంపీఎస్ గాలి పీల్చుకునే బాక్సులకు మాత్రం కింద నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. ఎయిర్ కూలర్‌ను నేరుగా సిస్టమ్ మీదికి తిప్పడం వద్దు. దాని గాలిలో తేమ ఉంటుంది, తుంపరలూ ఉంటాయి.

వేడే కారణమా అని తేల్చుకోవడానికి డబ్బు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం మూడింటికి పడిపోయిన ఫ్లైట్‌నే, అదే దారిలో, అదే వాతావరణంతో, తెల్లవారుజామున ఐదింటికి ఎగరాలి. అప్పుడు నిలబడి మధ్యాహ్నం మళ్లీ పడిపోతే వేడి మీద అనుమానం గట్టిపడుతుంది. అయితే తెల్లవారుజామున ఊళ్లో లోడు తక్కువ కాబట్టి వోల్టేజీ కూడా బాగుంటుంది. రెండూ కలిసిపోకుండా ఉండాలంటే మధ్యాహ్నమే సీపీయూ బాక్సు పక్క రేకు విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి ఇంకోసారి ఎగిరి చూడాలి.

ర్యామ్ దగ్గరికొస్తే, దాన్ని తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం మన షాపుల్లో తరతరాల విద్య. సిస్టమ్ అసలు లేవనప్పుడు అది పనిచేస్తుంది. గంట ఎగిరాక వచ్చే క్రాష్‌కు దాంతో ఒరిగేది తక్కువ. బయాస్‌లో (విండోస్ కన్నా ముందే లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేసి ఉందేమో చూడాలి. డబ్బా మీద రాసిన వేగం ఎక్కువగా ఆ సెట్టింగుతో వచ్చేదే, నిజానికి అది ఓవర్‌క్లాక్, అంటే మామూలు వేగానికి మించి పరుగెత్తించడం. దాన్ని ఆఫ్ చేస్తే ఫ్రేములు కొద్దిగా తగ్గుతాయి. క్రాష్‌లు ఆగిపోతే దోషి దొరికినట్టే. రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష నడిపి ఒక్క తప్పు కూడా రాకుండా ఉంటేనే ర్యామ్‌ను వదిలేయాలి.

మెమరీ చాలకపోవడం వేరే సంగతి. 2024 నవంబరులో వచ్చిన కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కనీసం 16 జీబీ ర్యామ్ అడుగుతుంది, 32 ఉంటే మంచిదంటుంది. 16 జీబీతో నడిపేవాళ్లు పక్కన బ్రౌజర్ తెరిచి పెట్టుకుంటే నిండిపోతుంది. అప్పుడు ఆదుకోవాల్సింది పేజ్ ఫైల్, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే డిస్క్ జాగా. ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని ఎవరో చెబితే దాన్ని ఆపేసుకున్నవాళ్లు, సీ డ్రైవ్‌లో రెండు జీబీ కూడా ఖాళీ లేకుండా నింపేసినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ మీద కమిటెడ్ అని రెండు అంకెలు ఉంటాయి, ఒకటి ఇప్పటిదాకా ఒప్పుకున్న మెమరీ, రెండోది దాని హద్దు. మొదటిది రెండోదాన్ని అందుకోబోతోందంటే సిమ్యులేటర్‌కు రోజులు దగ్గరపడ్డట్టే. పేజ్ ఫైల్‌ను విండోస్‌కే వదిలేసి, డ్రైవ్‌లో ముప్పై నలభై జీబీ ఖాళీ ఉంచాలి.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, ముఖ్యంగా ఐ7, ఐ9 రకాలు ఉన్నవాళ్లకు ఒక విడి మాట. వీటిలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని క్రమంగా దెబ్బతింటున్నాయని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్‌లు (బయాస్ అప్‌డేట్‌తో చిప్‌కు అందే దిద్దుబాట్లు) ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. కొత్త బయాస్ రాబోయే హానిని ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయలేదు. ఆఫ్‌సెట్లు ఎప్పటికప్పుడు మారుతున్న సిస్టమ్‌లో ఈ చిప్ ఉంటే ర్యామ్ కన్నా ముందు దీన్నే అనుమానించడం న్యాయం. బయాస్ అప్‌డేట్ మాత్రం యూపీఎస్ మీద ఉంచే చేయాలి. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు బండరాయి అవుతుంది.

ఇప్పుడు యాడ్-ఆన్లు. ఎప్పుడూ ఓర్వకల్లు దగ్గరే, ఒకే ఆఫ్‌సెట్‌తో పడిపోయే సిస్టమ్‌కు అసలు విచారణ ఇక్కడే. 2006 నాటి పాత మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఎఫ్ఎస్ఎక్స్ డేటాలో ఈ విమానాశ్రయం ఉండే అవకాశమే లేదు, అప్పటికి అది పుట్టలేదు. పాత డేటాలో ఆ చోట ఉన్నది బీడు. కాబట్టి సొంత ఊరి విమానాశ్రయం కావాలనుకున్నవాళ్లు ఎవరో సరదాగా చేసిపెట్టిన ప్యాకేజీని దించుకుంటారు. ఆర్నెల్లకు ఇంకెవరిదో మెరుగ్గా కనబడితే అదీ వేసుకుంటారు, మొదటిది తీయడం మర్చిపోతారు. ఒకే చోట రెండు రన్‌వేలు, రెండు టెర్మినళ్లు, రెండు రకాల ఎత్తులు. దూరంగా ఉన్నంతసేపు వాటిని లోడ్ చేయాల్సిన పని లేదు కాబట్టి ఏమీ కాదు. దగ్గరికి రాగానే రెండూ ఒకేసారి మీద పడతాయి. విమానాశ్రయం కోడ్ వీఓకేయూ పేరుతో కమ్యూనిటీ ఫోల్డర్‌లో (మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో యాడ్-ఆన్లు పెట్టే చోటు) ఎన్ని ఫోల్డర్లు ఉన్నాయో వెతకడం రెండు నిమిషాల పని. కడప వీఓసీపీకీ ఇదే వర్తిస్తుంది.

దోషి పేరులో కనబడకపోతే సగం సగం పద్ధతి పట్టాలి. ముందు కమ్యూనిటీ ఫోల్డర్ పేరు మార్చి, ఖాళీ ఫోల్డర్‌తో ఎగరాలి. పడిపోకపోతే తప్పు యాడ్-ఆన్లలో ఉంది. 32 యాడ్-ఆన్లుంటే పదహారింటిని మాత్రమే వెనక్కి పెట్టాలి. పడిపోతే దోషి ఆ పదహారులో, లేకపోతే మిగతా పదహారులో. అలా ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. ఐదు ఫ్లైట్లలో తేలిపోతుంది. ఒక్కోటి తీసి చూస్తే 32 దాకా పట్టేది. ఎక్స్-ప్లేన్‌లో ఇంకా సులువు. దాని ప్రధాన ఫోల్డర్‌లో లాగ్.టీఎక్స్‌టీ అని ఒక ఫైలుంటుంది, పడిపోయిన వెంటనే దాని చివరి పది వరుసలు చదివితే చాలాసార్లు ఏ ప్లగిన్ కాలు జారిందో పేరుతో సహా రాసి ఉంటుంది. సిమ్యులేటర్‌ను మళ్లీ తెరిస్తే ఆ ఫైలు కొత్తగా మొదలవుతుంది, కాబట్టి ముందే కాపీ తీసిపెట్టుకోవాలి. క్రాక్ చేసిన యాడ్-ఆన్లు వాడేవాళ్ల విషయంలో ఈ విద్యలేవీ నమ్మకంగా పనిచేయవు. మార్చేసిన ఫైలు ఎప్పుడు ఏం చేస్తుందో దాన్ని మార్చినవాడికే తెలియదు.

నెట్ పోతే క్రాష్ అవుతుందన్నది ఎక్కువగా అపోహ. నేల బొమ్మ మసకబారుతుంది, చెట్లూ ఇళ్లూ మొద్దుబారుతాయి, ఎగరడం సాగుతూనే ఉంటుంది. 2024 సిమ్యులేటర్ నెట్ మీద ఎక్కువ ఆధారపడుతుంది కాబట్టి లోడింగ్ దగ్గర నిలబడిపోవడం ఉంది, అది వేరే బాధ. ఆట తెర మీదే ఫ్రేముల లెక్క చూపించే ఓవర్‌లేలు, చాటింగ్ యాప్‌ల ఓవర్‌లేలు, మదర్‌బోర్డుతో వచ్చే సౌండ్ సాఫ్ట్‌వేర్ ఒకసారి ఆపి చూడాలి. జాయ్‌స్టిక్‌నూ పెడల్స్‌నూ నాలుగు వందల రూపాయల హబ్‌కు కాకుండా నేరుగా వెనక పోర్టులకు పెట్టాలి.

పాతకాలపు ఎఫ్ఎస్ఎక్స్‌ను ఇంకా వదలని వాళ్లున్నారు. పాత సిస్టమ్‌లో హాయిగా నడుస్తుంది కాబట్టి అందులో తప్పేమీ లేదు. అది 32 బిట్ ప్రోగ్రాము, 4 జీబీకి మించి చూడలేదు. సిస్టమ్‌లో 32 జీబీ ఉన్నా దానికి ఉపయోగం లేదు. పెద్ద ఊరి సీనరీ, బరువైన విమానం కలిసి ఆ 4 జీబీ నింపేస్తే ఎంత కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినా పడిపోతుంది. అక్కడ మందు ఒక్కటే, సీనరీ తగ్గించడం.

ఏ మార్పు చేసినా బాగుపడిందో లేదో తేల్చడానికి ఎంతసేపు ఎగరాలి? ఒకే చోట పడిపోయే క్రాష్‌కు ఆ చోటికి రెండుసార్లు వెళ్లొస్తే చాలు. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేదానికి మాత్రం ఓపిక కావాలి. సగటున రెండు గంటలకోసారి పడిపోయే సిస్టమ్, ఏ వైద్యం చేయకపోయినా, ఒక అరగంట పడిపోకుండా ఎగిరే అవకాశం నూటికి 78. అందుకే "ర్యామ్ మార్చాం, అరగంట ఆడి చూశాం, సెట్ అయింది" అన్న మాటకు విలువ లేదు. ఆరు గంటలు పడిపోకుండా ఎగిరితే, అది ఊరికే కలిసొచ్చిన అదృష్టం కావడానికి అవకాశం నూటికి 5కు తగ్గుతుంది. అంటే సగటు విరామానికి మూడు రెట్లు ఎగిరాకే మాట్లాడాలి. ఈలోపు ఇంకో మార్పు చేయకూడదు. చేస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు.

మొదట చెప్పిన ఓర్వకల్లు సిస్టమ్‌నే తీసుకుంటే, నోటు పుస్తకంలో పది క్రాష్‌లు ఉన్నాయనుకుందాం. ఏడు రన్‌వే దగ్గర, డెస్క్‌టాప్‌కు పడిపోయినవి, ఒకే ఆఫ్‌సెట్. మిగతా మూడు ఎక్కడెక్కడో, సాయంత్రం ఆరుకూ ఎనిమిదికీ మధ్య, సిస్టమ్ మొత్తం ఆరిపోయినవి. వీఓకేయూ ఫోల్డర్లలో ఒకటి తీసేస్తే ఏడూ పోతాయి. వారం తర్వాత ఒక సాయంత్రం సిస్టమ్ మళ్లీ ఆరిపోతుంది. అప్పుడు ఆ ఫోల్డర్‌ను తిరిగి పెట్టేసి ఫార్మాట్‌కు సిద్ధపడేవాళ్లే ఎక్కువ. ఇన్వర్టర్ ట్రాలీని గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపి, వెనక స్విచ్ ఎటు ఉందో టార్చి వేసి చూడటమే అప్పుడు మిగిలిన పని.